తలకిందుల ఇంజను

బీటీ ఊళ్ళో పెట్రోలు బంకు పక్కనే
అడవి గాడిదలు రోడ్డు దాటుతాయి.
ఆగాల్సింది ట్రక్కులే.
"మా మైదానానికి వీటి పేరే పెట్టారు" అన్నాడు
ఎనభై తొమ్మిదేళ్ళ వెండెల్ ట్రాస్క్,
వాటికేసి గడ్డం ఎగరేసి.

నేను హంట్స్‌విల్ నుంచి నెవాడా దాకా వచ్చింది
ఒక బిళ్ళ పగిలినందుకు.
చిటికెనవేలి గోరంత ఇంధనపు బిళ్ళ.
కాగే హైడ్రోజన్‌లో పదకొండు సార్లు బతికింది.
పన్నెండోసారి,
వేడెక్కుతున్నప్పుడు కాదు,
చల్లారుతున్నప్పుడు,
నెర్రె ఇచ్చింది.

అరవై ఏళ్ళ కిందటి కాగితాల్లోనూ అదే నెర్రె.
మార్జిన్‌లో ఎవరో పెన్సిల్‌తో "మళ్ళీ" అని రాశారు.
ఆ చెయ్యి ఎవరిదో కనుక్కుందామనుకున్నాను.

వెండెల్‌ది కాదు. అతను రైలు నడిపేవాడు.
"గంటకి ఐదు మైళ్ళు.
వెనకాల అంగారకుడికి వెళ్ళాల్సిన ఇంజను.
నడిచి పోయేవాడు మమ్మల్ని దాటేసి
ముందుకెళ్ళి సిగరెట్టు ముట్టించుకునేవాడు."

మొదటి ఇంజన్లకి కివి అని పేరు.
ఎక్కడో న్యూజిలాండులో ఎగరని పిట్ట.
పుట్టినవాళ్ళు దక్కని ఇంట్లో
బిడ్డకి పెంటయ్య అని పేరు పెట్టినట్టు.
ఈ మాట అతనికి ఇంగ్లీషులో చెప్పబోయి
సగంలో వదిలేశాను.

ఇంజన్ని నిలబెట్టింది తలకిందులుగా,
నోరు ఆకాశానికి తెరిచి.
లోపల ఏదీ మండదు.
కట్టె కాలదు, బూడిద రాలదు.
యురేనియం తనలో తానే పగులుతూ కాగుతుంది.
హైడ్రోజన్ ఆ పొయ్యి మీంచి పరిగెత్తి పోతుంది,
గాలే గడ్డకట్టే చలిలోంచి
ఇనుము నీరయ్యే వేడిలోకి,
గుమ్మం ఎత్తంత దూరంలో,
రెప్ప వాలే లోపు.
పోతూ పోతూ కార్బన్‌ని చెదలా తింటుంది.
నా పదమూడేళ్ళ ఉద్యోగమంతా ఆ చెదతోనే.

"తలకిందులు ఎందుకో తెలుసా?"
తెలుసు. అతన్నే చెప్పనిద్దామని ఊరుకున్నాను.
"మా భోజనాల దగ్గర ఓ మాట ఉండేది:
అది ఎగరలేదు గనక భూమినే కిందికి తోసింది.
ఆ మధ్యాహ్నం భూమి వెంట్రుకవాసి జరిగింది.
ఎవరూ కొలవలేదు, అంతే."

కాఫీ పోస్తున్న లెనోరా ఆగింది.
షొషోనీ మనిషి, మాట పొదుపు.
"గాలి వెళ్ళిన వైపు మా పెద్దమ్మ గొర్రెలుండేవి" అంది.
తర్వాత ఏమైందో చెప్పలేదు.
వెండెల్ చక్కెర పొట్లాన్ని చాలాసేపు మడిచాడు.
నేను గుమ్మం ఎత్తంత దూరం గురించి
ఇంకేమీ మాట్లాడలేదు.

నవమాసాల ప్రయాణం నాలుగు నెలల్లో అంటాం మేము,
నిధులిచ్చే గదుల్లో, ప్రతి రెండేళ్ళకీ,
కొత్త టైలు కట్టుకుని.
ఎముకలు గుల్లబారక ముందే చేరొచ్చు,
సూర్యుడు విసిరే ధూళి తక్కువ తగులుతుంది.
ఇవన్నీ నిజమే.
ఈ వసంతంలో మళ్ళీ ఆపేశారు.
వెండెల్ పట్టాలు తుక్కుకి పోయి ఎన్నాళ్ళో.

లేచేటప్పుడు అడిగాడు:
"చల్లారేటప్పుడు పగిలిందన్నావు. ఎంతసేపు చల్లార్చారు?"
చెప్పాను.
నవ్వాడు, వెక్కిరింత కాదు.
"మా రైలు ఎందుకంత నెమ్మదో
ఒక్క ఇంజనీరూ అడగలేదు.
బరువని అనుకునేవాళ్ళు."
అంతే అన్నాడు. అందులో ఏముందో,
ఏమీ లేదో, నాకింకా తెలీదు.

ఊరి చివర గాడిద ఒకటి
రోడ్డు మధ్య నిలబడి నన్ను చూసింది.
హారన్ కొట్టలేదు.
తాళం తిప్పి ఇంజన్ ఆపేశాను.
బానెట్ కింద ఇనుము చల్లారుతూ
టిక్కుమంటోంది. ఆగి, మళ్ళీ టిక్కు.
గడియారం చూస్తూ
ఒక టిక్కుకీ ఇంకో టిక్కుకీ మధ్య
ఎంత ఎడం పెరుగుతోందో
చేతి మీద రాసుకున్నాను.
గాడిద ఎప్పుడు వెళ్ళిందో చూడలేదు.