ఒక సున్న తక్కువ

సజా అంటే ఇక్కడ ఊరి పేరు.
మా దిక్కు అదే మాటకు శిక్ష అని అర్థం,
వీసా చేతుల పెట్టేటప్పుడు ఏజెంటు ఆ సంగతి ఎత్తలే.
షార్జా దాటినంక, సిమెంటు లారీల దుమ్ముల మా క్యాంపు.
గదికి ఎనిమిది మంచాలు.
కింది మంచం లింబాద్రిది, పైది నాది,
ఏసీ నీళ్లు బొట్టు బొట్టు పడే బకెటు ఇద్దరిది.

లింబాద్రి మొదలు ఊద్ దర్బార్ల ఆడిండు.
నీలం తెర, తిరిగే చక్రం,
పగిడీ పెట్టుకున్న పిల్లి.
నాలుగు వందల దిర్హాములు పోయినంక
"ఈ గడప అచ్చిరాలే" అని
ముత్యాల ఓడ ఎక్కిండు.
పచ్చ తెర. అదే పిల్లి,
పగిడీ తీసేసి చేతికి తెడ్డు ఇచ్చిండ్రు.
"అరే, పిల్లిని చూడురా" అన్న.
"పిల్లిని చూసి ఎవడన్న ఆడ్తడా,
పత్తాలను చూసి ఆడ్తరు గని" అన్నడు.

నేను స్టోర్ల బోల్టులు లెక్కవెట్టేటోన్ని.
రెండు డబ్బాలు ముందట పోస్తే
ఏది ఏ ఫ్యాక్టరీల పుట్టిందో మర చూసి చెప్త.
ఓవర్‌టైమ్ రాసుకునే నోటుబుక్కుల
నిలువు గీతలు కొట్టిన:
పేరు. బోనసు. పైసలు ఎన్ని దినాలకు ఇస్తరు.
అడిగితే ఏమంటరు.

దర్బార్ల నూటికి నూరు బోనసు,
నలభై సార్లు తిప్పితే గని చేతికి రాదు.
ఓడల నూటికి నూటయాభై, అరవై సార్లు.
మూడోది రాత్రిరాణి, గులాబి తెర,
నూటికి రెండొందలు. ఎన్నిసార్లు తిప్పాల్నో
కిందికి, ఇంకా కిందికి, బొటనవేలు నొచ్చేదాక పోతే
చీమ తలకాయంత అక్షరాల ఉన్నది.
ఎనభై.
దాని కింద ఏదో దీవిల పోస్టు డబ్బా నంబరు,
మూడింటికీ అదే.

పైసలు అడిగితే తెలుగులనే జవాబు:
"మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది. దయచేసి వేచి ఉడండి."
ఉడండి.
దర్బార్ల ఉడండి. ఓడల ఉడండి.
రాత్రిరాణిల, మౌనిక అని పేరు పెట్టుకున్న బొమ్మ
నవ్వుకుంట నవ్వుకుంట, ఉడండి.
ఒకటే చెయ్యి రాసిన ఒకటే తప్పు,
మూడు తావుల ఒక సున్న తక్కువ.
ఆ సున్న యాడికి పోయిందని దేవులాడే పని లేదు,
లింబాద్రి ఖాతాల ఉన్నది.

నోటుబుక్కు చూపెట్టిన.
వాడు చానాసేపు చూసిండు,
చేతికి మెతుకులు ఎండిపోయినయి.
"పాత కంపెనీ ఇడిసి కొత్తదాంట్ల చేరినం గదా" అన్నడు,
"బస్సుకు పచ్చరంగు కొట్టిండ్రు.
నా సీటుకు బొక్క ఉన్నది చూసినవా?
పోయినేడు నేను బీడీతో కాల్చిన బొక్కే.
నువ్వు సుత ఎక్కినవ్ గదా, ఎరికయ్యే."

నేనేం మాట్లాడలే.
నోటుబుక్కుల ఇంకో గీత ఉన్నది,
పేజీ మడిచి దాచిన.
దర్బార్ లింకు మొదలు వానికి పంపింది నేనే.
దోస్తును తెచ్చినందుకు యాభై దిర్హాములు,
ఓవర్‌టైమ్ కింద రాసుకున్న.
ఒక జత చెప్పులు, రెండు కిలోల బత్తాయిలు.
బత్తాయిలు వాడు సుత తిన్నడు.

శుక్రారం వాడు బట్టలు ఉతుకవోతే
యాభై మడిచి దిండు కింద పెట్టిన.
ఎక్కడిదని అడుగలే. నేను చెప్పలే.
ఆ రాత్రి కింది మంచం కెల్లి గులాబి వెలుగు
ఎదురుగోడ మీద పడ్డది,
బంగ్లా నూరుల్ కాళ్ల మీద పడ్డది.
నేను గోడ దిక్కు మర్లి పండుకున్న.

తెల్లారి నాలుగున్నరకు,
బస్సు హారను కంటె ముందుగాల
నా ఫోను టింగుమన్నది. దర్బార్ నుంచి.
వాడు ఆడింది రాత్రిరాణిల.
"అభినందనలు! మీ స్నేహితుడు ఆడారు.
మీ వాటా ఐదు దిర్హాములు.
తీసుకునేందుకు దయచేసి వేచి ఉడండి."