ఫీజు బిల్లు, మూడో ప్రతి

కేసు తేలిపోయి ఆరేళ్లు.
బిల్లు ఇంకా తేల్లేదు.

గుణుపురం కోర్టు వెనక, జిరాక్సు కొట్టు మీది గదిలో
మా ప్లీడరు కింతలి సోమలింగం గారు
కళ్లజోడు నుదుటి మీదికి తోసి
'రాయవోయ్ మళ్లీ' అంటారు.
నేను మళ్లీ రాస్తాను.

వకాల్తా, స్టాంపులు: నూట పది.
వాయిదాలు: ముప్ఫై ఏడు.
అందులో జడ్జిగారు సెలవులో ఉన్నవి పదకొండు,
అవి వాయిదాలే కావంటుంది బీమా కంపెనీ.
మేం వెళ్లాం, నిలబడ్డాం, చొక్కాలు తడిశాయి,
బెంచి క్లర్కు కొత్త తేదీ చెప్పాడు.
మరి దాన్నేమనాలో కంపెనీయే చెప్పాలి.

లారీ పోలినాయుడిది. చింతపండు బస్తాలతో
ఘాటీ దిగుతూ మలుపులో టీ బడ్డీని గుద్దింది.
లారీకి పాలసీ ఉంది. పాలసీలో ఓ మూల
'కోర్టు ఖర్చులు మేమే భరిస్తాం' అని
చీమ తలంత అక్షరాల్లో ఉంది.
దాని కిందనే, చీమ కాలంత అక్షరాల్లో,
'సబబైనంత వరకు' అని ఉంది.
లారీ ఆ మర్నాడే కదిలింది.
మేం ఆ మాట దగ్గరే దిగబడ్డాం.

భువనేశ్వరం ఆఫీసులో మహాపాత్రో అని ఆడిటరున్నాడట.
మనిషిని చూళ్లేదు. ఆయన ఎర్ర పెన్ను మాత్రం
నాకు చుట్టమంత ఎరుక.
బరంపురం టాక్సీ దగ్గర: 'బస్సులు లేవా?'
సీనియరు సలహా దగ్గర: 'మా అనుమతి ఏది?'
అనువాదం, ఎనిమిది వందలు. అది నాది.
నిలువునా కొట్టేసి పక్కన రాశాడు:
'అనవసరం. అక్కడ అందరికీ ఒడియా వచ్చు.'

వచ్చు సార్. సంతలో వచ్చు, బస్సులో వచ్చు.
ధర తగ్గించమనడానికి వచ్చు.
బోనెక్కినప్పుడు
పనసపళ్లమ్మే తవిటమ్మ నోట్లో అది ఎండిపోయింది.
'లారీ బేగి రానేదు బాబూ, దూడే బేగొచ్చీసింది.'
ఆ 'బేగి' ఒక్కటీ రెండు భాషల్లోకీ నడిచెళ్లింది.
తక్కిన నాలుగు పేజీలూ నేను మోశాను.

మా ప్లీడరు గారూ తక్కువేం కాదు.
ఒక్క పూటలో మూడు కేసులకు లేచి
మూడు రోజుల ఫీజు వేయించారు.
వేసింది నేనే. మహాపాత్రో అది పట్టుకోలేదు.

తగాదా మొత్తం ఇరవై మూడు వేలు.
దాన్ని తగ్గించడానికి కంపెనీ
బరంపురం నుంచి ఇంకో ప్లీడర్ని పెట్టింది.
ఏసీ కారు, లాడ్జి, వెంట ఒక గుమాస్తా.
మధ్యాహ్నం మా ఇద్దరికీ ఒకటే హోటలు, ఒకటే దాల్మా.
'టాక్సీకి మీరెంత వేశారు?' అన్నాడు.
'రెండు వేల రెండొందలు.'
'కోశారా?'
'సగం.'
'అయితే నేను నాలుగున్నర వేస్తాను.'
ఇద్దరం పొలమారేలా నవ్వాం.
తిండి డబ్బులు ఎవరివి వారిచ్చాం, రసీదులు తీసుకున్నాం.

మొన్న మంగళవారం తవిటమ్మ వచ్చింది.
ఆమెకూ సమను వెళ్లిందట,
ఆ రోజు తెలుగులో చెప్పిందో ఒడియాలో చెప్పిందో
వచ్చి చెప్పాలని.
'దూడ కేసు అయిపోనేదేటి బాబూ?'
'అయిపోయిందమ్మా. ఇది, నీ మాట వినడానికి
ఎంతయిందన్న కేసు.'
చాలాసేపు నా మొహమే చూసింది.
'నాను ఒట్టినే సెప్పినాను గదేటి.'

కొంగు ముడి విప్పి రెండు బస్సు టికెట్లు బల్ల మీద పెట్టింది.
ఆనాటివి. అంకెలు వెలిసిపోయాయి,
రానూ పోనూ అరవై అని ఆమే చెప్పింది.

మూడో ప్రతికి అప్పటికే మొత్తం కట్టి గీత గీశాను.
గీత కింద రాస్తే చెల్లదు.
గీత పైన చోటు లేదు.

కొత్త కాగితం తీసి
కింద కార్బను పెట్టాను.