చిల్లర

మా ఊరి బోరు నీళ్లు తాగితే
పండ్లు బెల్లం రంగుకొస్తయి.
ఏడేండ్లప్పుడు నా పాలపండ్లు ఊడి
మల్ల మొలిచినయి,
మొలుచుడే మచ్చలతోటి మొలిచినయి.
ఉప్పు, బొగ్గు, ఇటుక పొడి,
చిగుళ్ల నెత్తురొచ్చేదాక తోమింది అవ్వ.
మరక పండ్ల మీద ఉంటే గద పోనీకి.

బడిల నా పేరు సైదమ్మ కాదు, బెల్లం.
"బెల్లం, ఈగలొస్తున్నయి మూతి మూస్కో" అన్నోడు
ఇప్పుడు యాడున్నడో, ఏం తింటున్నడో.
ఆనాటి సంది నా కుడిచేతికి ఒక్కటే నౌకరి,
నవ్వొస్తే ఉరికొచ్చి నోటికి అడ్డం నిలవడుడు.

దేవరకొండ డిపోల కండక్టర్నైన.
ఒక చేతిల టికెట్ల మిషను, ఒక చేతిల నోట్లు,
నవ్వొస్తే ఏ చెయ్యి పెట్టాలె?
నవ్వుడే బందు పెట్టిన.
మందికి అదీ నచ్చలే,
"గంటు మొఖం కండక్టరు" అని ఇంకో పేరు పెట్టిన్రు.

మొన్న కార్డుకు ఫోటో గావాలంటే స్టూడియోకు పోయిన.
పిలగాడు మంచోడే.
"అక్కా, జర నవ్వు. పండ్లు నేను తెల్లగ జేస్త,
ఇరువై రూపాయలెక్కువైతది" అన్నడు.
చేసిండు.
కంప్యూటర్ల ఎవరో ఆమె కూసున్నది.
నా చెవికమ్మలే, నా మెడ మీది పుట్టుమచ్చే,
నోరు మాత్రం వేరే ఊరి నీళ్లు తాగింది.
నడుము వంగి, నేలను జూసుకుంట నడిచిపోయిన
మా నాయిన నవ్వు
ఆ ఇరువై రూపాయల కింద పడి కనవడకుంట పోయింది.

"వాపస్ చెయ్యి తమ్మీ."
"పైసలు వాపస్ రావక్కా."
"పైసలు ఉంచుకో. పండ్లియ్యి."

ఆ రాత్రి డిపోల సంచి బోర్లించిన, రోజు లెక్కనే.
రూపాయిలు, రెండ్లు, అయిదులు,
మూలకు చెమటతోటి అంటుకున్న పది నోటు.
లెక్క అప్పజెప్పి ఖాళీ సంచి దులుపుతుంటె
చెయ్యి ఆగింది.
పద్దెనిమిదేండ్ల నౌకరిల
ఎవ్వరి చిల్లరా ఇంటికి మోస్కపోలే నేను.
మరి ఆ బడి పిలగాండ్ల చిల్లర
ఏ కౌంటర్ల కట్టకుంట
ఇన్నేండ్లు ఎందుకు మోసిన?

గింతల్నే అంత మారిందనుకోకున్రి.
నిన్న మాల్ సంత బస్సుల
ఒక ముసలవ్వ సంచిల పుంజు.
"దీనికీ టికెట్ తియ్యాలె అవ్వా" అన్ననో లేదో
కొక్కొరోకో అని జవాబు అదే ఇచ్చింది.
డ్రైవర్ ఇద్దయ్య స్టీరింగ్ మీద పడి నవ్విండు.
నాకూ ఆగలే.
అవ్వ నా నోట్లకు సూసింది,
కండ్లు చిన్నగ జేసి, దగ్గరికొచ్చి సూసింది.
"మర్రిగూడ దిక్కా బిడ్డా మీది?
నాయి గూడ గిదే రంగు. అన్నీ రాలినయి గని."
ఊరు పేరు చెప్పకుంటనే
నా చిరునామా చదివింది.

అబద్ధమెందుకు,
చెయ్యి ఇంకా లేస్తది, పాత నౌకరి గద.
లేసి, మూతి దాక వచ్చి,
ఏదో యాదికొచ్చినట్టు
ఇంకింత పైకి పోయి
నెత్తి మీది కడ్డీ పట్టుకుంటది.
మలుపొస్తుంది మరి.