కరెంటు పోయిన పూట

మార్కాపురం పలకల షెడ్డులో
కరెంటు పోతే నాగూరమ్మ పేక తీసిద్ది.
నా జత ఆమే.
పాతికేళ్ళ కోత మిషను
ఆమె చెవులు రెండూ తినేసింది.

తొలిరోజు ఆమె ఇస్పేటాసు వేసి ఉంటే
దాని మీద నా తురుపు కొట్టా.
కాశింబీ పొర్లిపొర్లి నవ్వింది.
పట్టు మాదే. తురుపు దండగ.
నాగూరమ్మ ఏమన్లా;
ఆట చివర, విరిగిన పలక మీద
వాళ్ళ వైపు గీత గీసింది, అంతే.

ఈ ఆటలో జతవాళ్ళు నోరిప్పకూడదు,
సైగ చెయ్యకూడదు.
నలుగురం కాసేపు
ఆమె ఉండే ఊరికి పోయొస్తాం.

నిన్న నేను కళావరాసు దించితే
ఆమె రెండు వేసింది, నింపాదిగా.
ఇది చాలు, వేరే రంగు తే -
విన్నా.
ఆటీను తెచ్చా.

అంతలో మిషను మోగింది.
మేం ముక్కలు పడేసి లేస్తున్నాం.
ఆమె ఇంకా
ఆటీనాసు ఎత్తి పట్టుకునే ఉంది.