ఒకటీ చుక్కా ఎనిమిదీ

మంగళవారం మధ్యాహ్నం కవిటి నుంచి
ఆశా కార్యకర్త డిల్లేశ్వరి ఫోను:
"బాబూ, నీ యాప్‌లో సుక్క కనబడ్నేదు."

ఏ చుక్కమ్మా అన్నాను,
శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ వెనక
మేడ మీది గదిలో
చల్లారిన టీ మీద మీగడ తీస్తూ.

"కూర్మయ్య రకతం రిపోర్టు.
ఒకటీ పాయింటు ఎనిమిదా, పద్దెనిమిదా?
పెద్దది సేద్దునా, అలికీసినట్టు అయిపోతంది.
డాట్రుబాబు నన్నడుగుతన్నాడు.
నానేటి సెప్పీది?"

తెరిచాను.
తపాలా బిళ్ళంత కాగితం.
వేళ్ళతో సాగదీస్తే
ముగ్గు మీద వాన పడ్డట్టు కరిగింది.
ఒకటి ఉంది, ఎనిమిది ఉంది,
మధ్యలో బూడిద.
ఆ బూడిదలో ఎక్కడో
ఒక మనిషి మూత్రపిండాలు రెండూ ఉన్నాయి.

నెలరోజుల ఫోటోలు, మూడొందల పన్నెండు,
అన్నీ ఇంతే.
జాబితాలో బుద్ధిగా వరసకట్టి కనబడ్డాయి గనక
ఒక్కటి కూడా తెరిచి చూడలేదు నేను.
(ఈ మాట ఆఫీసు నివేదికలో రాయలేదు.
ఇక్కడ రాస్తున్నాను.)

ఆ రాత్రి తెలిసింది,
తప్పు కెమెరాది కాదని.
మజ్జిగకి పక్కింటికెళ్తూ చెంబు తీసుకెళ్ళకపోతే
ఆవిడ మాత్రం ఏం చేస్తుంది,
దోసిట్లో పోస్తుంది.
గుమ్మం దాటేసరికి
వేళ్ళ సందుల్లో తడి మిగులుతుంది.
ఇన్నాళ్ళూ నేను ఆ తడినే
మజ్జిగ మజ్జిగ అని సర్వర్లో దాచాను.

కెమెరా అడిగింది ఒక్కటే:
ముందు నాకో ఖాళీ చోటు చూపించు.
దానికో పేరు పెట్టు, తేదీ వెయ్యి,
తాళంచెవి నా చేతికియ్యి.
ఆ తర్వాత అడుగు బొమ్మని.
మొత్తం ఏడు లైన్లు.
ఏడు లైన్లకీ తెల్లారింది.

నిండు చెంబు మొయ్యడం మళ్ళీ ఇంకో చదువు.
డిల్లేశ్వరి పాత ఫోను
మొదటి పెద్ద బొమ్మకే ఊపిరాడక నల్లబడిపోయింది.
రెండోసారి కాగితం పక్కకి తిరిగి పడుకుంది,
జ్వరమొచ్చిన మనిషిలా.
లేపి కూర్చోబెట్టాను.
దాచేది మొత్తం దాచవే తల్లీ,
చూపేది మాత్రం ఈ తెరకి పట్టినంతే చూపించు,
వేలు ఆనిస్తే అప్పుడు లోపలికి రానియ్యి
అని ఫోనుకి నచ్చజెప్పేసరికి గురువారం.

శుక్రవారం తను మళ్ళీ వెళ్ళింది కూర్మయ్య ఇంటికి.
ఫోటో తీసి, సిగ్నలు కోసం
జీడితోట చివర ఇసుక తిప్ప ఎక్కి
చెయ్యి పైకెత్తి నిలబడిందట,
సముద్రాన్ని ఏదో అడుగుతున్నట్టు.

బొమ్మ నా తెర మీద పైనుంచి కిందికి దిగుతోంది.
ల్యాబు పేరు.
తుప్పుపట్టిన పిన్ను.
వయసు యాభై రెండు.
ఆగింది.
టీ కొట్టు కుర్రాడు గ్లాసు పట్టుకెళ్ళాడు.
కదిలింది.
ఒకటి,
చుక్క,
ఎనిమిది.

దుమ్ము కాదు, మరక కాదు.
కాగితంలోకి దిగిన నల్లటి చుక్క,
అంచులతో సహా.
మంచి అంకేం కాదది.
అయినా పద్దెనిమిది కాదు.

కింద ఇంకా తెల్లగానే ఉంది తెర.
పాత ఫోటోలో ఆ మూల ఏదో నల్లటి మచ్చ ఉండేది,
కాగితం మాసిందేమో అనుకున్నాను,
అదేంటమ్మా అన్నాను.

"అది మచ్చ కాదు బాబూ,
కూర్మయ్య బొటనేలు.
జీడిపిక్కలు ఒలిసీ ఒలిసీ
అలగైపోనాది."

గాలి హోరు. కాసేపటికి మళ్ళీ తనే:

"అయితే సుక్క వచ్చీసినాది.
మడిసే
ఇంకా బస్సెక్కుతున్నాడన్నమాట."