గీత దాటకముందు

నెవాడా అయిపోవడానికి ఇంకా రెండొందల గజాలుంది.
బండి పక్కకి తీసి, వెనక తలుపు దించి
దాని మీద గొర్రెబొచ్చు దుప్పటి పరిచాను.
ఎండిన ఉప్పు చెరువు మీంచి గాలి.
ఎదురుగా రెండు తూటా చిల్లులున్న బోర్డు:
కాలిఫోర్నియాకు స్వాగతం.

ఇక్కడ దీని పేరు రైఫిల్.
ఆ బోర్డు దాటాక, ఇలాగే ఉంటే, నేరం.
మధ్యలో మారేదేమీ లేదు,
అదే సేజ్ పొద, అదే కంకర.
నా కుక్క బెల్ట్సా
రెండు రాష్ట్రాల్లోనూ కాలెత్తి వచ్చింది.

ముందు మూతి.
మంట దాచే గొట్టాన్ని మర తిప్పి తీశాను,
ఏడేళ్ల మసి చేతికంటింది.
తర్వాత పిడి. పిడికిలి చుట్టుకునే పిడి కుదరదట.
దాని చోట చేపరెక్కలాంటి ప్లాస్టిక్ పలక.
చట్టం నా బొటనవేలు అడగలేదు,
అది ఎక్కడ ఉండకూడదో చెప్పిందంతే.

ముందుకీ వెనక్కీ జరిగే మడమకి పిన్ను కొట్టాను.
ఇక జరగదు.
టేపు పట్టాను: ముప్పై మూడున్నర అంగుళాలు.
నమ్మక మళ్లీ పట్టాను.

ముప్పై తూటాలు పట్టే మ్యాగజైన్లు మూడూ
నిన్ననే షబియేర్ బాబాయికి ఇచ్చేశాను.
కాఫీ డబ్బాలో పడేస్తూ నవ్వాడు:
"మొగుడి ఊరెళ్లాలంటే తుపాకీ కూడా ముసుగేసుకోవాలా?"
నాకు నవ్వు రాలేదు.
డబ్బా పెట్టిన అరలోనే
ఆయన కొడుకు ఇన్యాకి ఫోటో ఉంది.
పంతొమ్మిది నిండలేదు. తాళం లేని బీరువా.
ఆ ఇంట్లో ఎవరూ నవంబరు పేరెత్తరు.

అప్పుడు జారిందొక మర.
మిరియం గింజంత.
మోకాళ్ల మీద ఇసుకంతా జల్లెడ పట్టాను.
నీడ బండి కిందికి పోయింది.
పడమటి నుంచి వస్తున్న ట్రక్కు ఆగింది, ఎవరో ముసలాయన.
"ఏం పోయింది?"
"మర."
"దేనిది?"
దుప్పటి వైపు చూసి, ఇంకేమీ అడక్కుండా దిగాడు.
వెండెల్ థార్ప్. సీడర్‌విల్‌లో గడ్డి అమ్ముతాడట.
అయస్కాంతానికి దారం కట్టి
చేపలు పట్టేవాడిలా ఇసుక మీద ఈడ్చాడు.
"నాది ఎప్పుడో మార్చేశాను," అన్నాడు.
"చెయ్యి అలవాటు పడింది.
నోరే, తిట్టడం మానలేదు."

మొదట ఒక తుప్పుమేకు దొరికింది.
తర్వాత మర.

పెట్టెలో పెట్టి తాళం వేశాను.
బోర్డు దాటినప్పుడు టైర్ల చప్పుడు కూడా మారలేదు.
అరవై రోజుల్లో పంపాల్సిన కాగితం
అద్దం ముందు రెపరెపలాడింది.

ఏప్రిల్ వచ్చింది. గొర్రెలు ఈనే రాత్రులు.
దొడ్డి వెనక కయోటీ ఒకటి పసిపిల్లలా ఏడ్చింది.
తాళంచెవి, బీరువా, పది తూటాలు, వసారా.
లెక్కపెడుతూనే ఉన్నాను, ఎన్ని క్షణాలో.
భుజానికి ఆనించాక
నా బొటనవేలికి చోటు తెలియలేదు,
చుట్టపుచూపుగా వచ్చినట్టు
చలిలో అలా నిటారుగా నిలబడిపోయింది.

కాల్చానా?
కాల్చాను. తగల్లేదు.
తెల్లారాక పిల్లల్ని లెక్కపెట్టాను, ఒకటి తక్కువ.
బీరువా తాళం మళ్లీ లాగి చూశాను.
ఇన్యాకీకి ఆ క్షణాలు ఉండి ఉంటే అని
అంతకుముందెప్పుడూ అనుకోలేదు.