ప్రాధాన్యక్రమం

సిరొంచ బస్టాండు వెనక రెండో షటరు నాది.
జిరాక్సు, లామినేషను, ఆన్‌లైన్ అర్జీలు.
జూన్ పడ్డదంటే పన్నెండు పాసైన పిల్లలు బారు కడతరు,
వాళ్ల వెనక, చెప్పులు బయటే విడిచే నాయనలు.

తోకల ప్రణీత నిన్న దీపాల యాళ్లకు వచ్చింది.
ప్లాస్టిక్ కవర్ల కాగితాలు, కాగితాల మీద ఒక రాయి.
రాయి కాదన్నా, కర్ర, అన్నది.
మేకల కాడ మా నాయనకు దొరికింది,
లోపటి చుట్లు చూడు, చెట్టుయే.
చేతిల పట్టుకుంటే బరువు.
తను కర్రనన్న సంగతి
ఎన్ని వానలకు మరిచిందో అది.

దీని సంగతి చదవాలె, అన్నది. జియాలజీ.

తెర మీద మూడు కిటికీలు తెరిచిన.

జిల్లా కేంద్రంలది మన రాష్ట్రానిది.
మార్కులు చూసి సీటిస్తరు, ఫీజు తక్కువ, తొవ్వ ఎక్కువ.
అల్లాపల్లి అడవిల బస్సు గుంత గుంతకూ దండం పెట్టుకుంట పోతది.

వంతెన అవతలిది తెలుగోళ్లది.
రాత్రయితే ఆ ఒడ్డు దీపాలు మన ఒడ్డు నీళ్లల్ల ఊగుతయ్.
మాట మనదే, సీటు మనది కాదు.
స్థానికేతరులని ఒక గడి ఉంటది,
టిక్కు పెడితే ఫీజు పక్కన ఇంకో సున్నా మొలుస్తది.
పిల్లనిచ్చుడు తెచ్చుకునుడు ఏరు దాటుతది గానీ
దాఖలా దాటదు.

కేంద్రానిది ఇంకో రాష్ట్రంల ఉన్నది, రెండు రైళ్ల దూరం.
దేశమంతటికీ ఒకటే పరీక్ష.
హాస్టలుంటది, స్కాలర్‌షిప్ ఉంటది,
ఇంగ్లీషుంటది. అది ఎక్కడా రాసి ఉండదు.

నాలుగోది నేను తీయలే.
ఇంటికే పుస్తకాలు పంపేది లేదా అని తనే అడిగింది.
ఉన్నది. అండ్లనే చేరిన నేను.
ప్రింటరు కింద ఎత్తుకు పెట్టిన కట్ట అదే,
రెండో సంవత్సరానిది, దారం విప్పలే.
రాళ్లను పోస్టుల పంపరమ్మా, అన్న.
నవ్వుతదనుకున్న. నవ్వలే.

పేరు కాడ ఆగినం.
ఆధార్‌ల తోకల, బడి దాఖలాల తోకల్‌వార్.
ఏ గురూజీయో తోకకే తోక తగిలించిండు.
మాతృభాష: తెలుగు. చదివిన మాధ్యమం: మరాఠీ.
పరీక్ష రాసే మాధ్యమం:
అక్కడ బాణం గుర్తు శానా సేపు ఊరికే తిరిగింది.

ఏది మంచిదన్నా?

పదకొండేండ్ల సంది అందరూ అడిగేదే.
ఏదైతేంది, అన్నీ సర్కారువేనాయె అని సాగదోలుత.
నిన్న ఆ మాట పెదవి దాటలే.
ముంబైకి మనం ఆఖరి ఇల్లు, హైదరాబాదుకు పక్కింటోళ్లం.
ఢిల్లీకి ఇక్కడొక ఇల్లున్నదని ఎవరన్నా చెప్పాలె.

తనే మళ్లీ అడిగింది:
ఏ దాంట్ల ఫెయిలైతే మళ్లా రానిస్తరు?

ఈ ప్రశ్నకు ఏ కిటికీల జవాబు లేదు.
నేను ప్రింటరు దిక్కు చూడకుండ కూసున్న.

మడత నోట్లు లెక్కబెట్టింది. రెండు అర్జీలకొస్తయ్.
కేంద్రానిది మొదలు, జిల్లాది వెనక.
వంతెన అవతలి కిటికీ తనే మూసింది,
మౌసు నా చేతిలకెళ్లి తీసుకొని.
పరీక్ష సెంటరు? ఏ ఊరికి తెల్లారగట్ల బస్సుంటే ఆ ఊరు.

ఓటీపీ రాలే.
పది నిమిషాలే గడువు.
ప్రాణహిత ఒడ్డున అవతలి టవరు అందుతదని ఫోన్ పట్టుకొని ఉరికింది.
ఫ్యాను గాలికి కాగితాలు లేవబోయినయ్,
రాయి లేవనియ్యలే.

ఎగపోసుకుంట వచ్చింది. అరచేతిల ఆరంకెలు,
రాసింది మరాఠీల, చదివింది తెలుగుల,
నేను కొట్టింది ఇంగ్లీషుల.
ఆఖరిది చెమటకు అలికింది.
ఒకటా, తొమ్మిదా?

తొమ్మిది, అన్నది,
చెయ్యి దిక్కు చూడకుండనే.